రేకు మందం

కుండ బోర్లించి
కింద ఎండు కొబ్బరాకు ఎగదోసి
తెల్లారగట్ల నాలుగింటికే కూర్చుంటాను.
జయ బియ్యం పిండి నీళ్లు,
చెయ్యి ముంచితే అరచేతి గీతలు కనబడేంత పలచన.
గుడ్డ ముంచి, కాలిన కుండ మీద ఒక్క లాగు.
ఒక్కటే.
రెండోసారి లాగితే అది రేకు కాదు, అట్టు.
మా అత్త మరిడమ్మ నాకు నేర్పిన మొదటి మాట అదే.
మంచం పట్టాక చెప్పిన చివరి మాటా దాదాపు అదే.

ముప్పై ఒక్క ఏళ్లు ఈ కుండ ముందు.
వేళ్ల సందుల్లో పంచదార పొడి,
మోచేతుల దాకా నెయ్యి.
విరిగిన రేకులు ఎవరికమ్ముతాం?
విరిగినవన్నీ నావే.
మడత చెదిరినవి నావే.
పళ్లెం అడుగున నెయ్యీ పొడీ కలిసి గడ్డకట్టింది
వేలితో గీరి... అదీ నాదే.
పెట్టెలకెక్కినవే లెక్క,
నోట్లోకెళ్లినవి ఎవరు రాశారు?

వినాయక చవితి వెళ్లాక
కాలి బొటనవేలి మీద పుండు ఎంతకీ మానలేదు.
రావులపాలెంలో రక్తం తీశారు.
కుర్ర డాక్టరమ్మ కాగితం చూసింది, నన్ను చూసింది.
"ఏం పని చేస్తారండీ?"
చెప్పాను.
పాపం, నవ్వాలో వద్దో తెలీలేదు ఆవిడకి.
"బెల్లంతో చేసినవైతే పర్లేదంట కదండీ,
మా ఆడపడుచు చెప్పింది" అన్నాను.
"మీ ఆడపడుచుకి తెలుసేమో గానీ
మీ రక్తానికి ఆ తేడా తెలీదండీ" అంది.

ఇంటికొచ్చి ఒట్టేశాను, ఇక ముట్టనని.
దసరా పది రోజులూ నోటికి గుడ్డ కట్టుకుని చుట్టాను.
పదకొండో రోజు రాత్రి
కరెంటు పోయిన చీకట్లో
డబ్బాలోంచి ఆరు తిన్నాను.
నిలబడే. సరిగా నమలకుండా.
రుచి గుర్తు లేదు,
ఎక్కడ కరెంటు వచ్చేస్తుందోనన్న భయమే గుర్తుంది.

మా ఆయన లొల్ల లాకుల మీద లస్కరు.
తిట్టలేదు.
ఖాళీ డబ్బా కడిగి బోర్లించాడు.
"తలుపులన్నీ దించేస్తే ఏమవుద్ది పల్లాలూ?
పైన గట్టు తెగిపోద్ది.
అన్నీ ఎత్తేస్తే కింద చేలు ములిగిపోతాయి.
ఎన్ని అంగుళాలు, ఎంతసేపు...
నాకిచ్చే జీతమంతా దానికే గదా."
అని ఆవులించి పడుకున్నాడు.
వేదాంతమంటే ఆయనకి తెలీదు, అంగుళాలు తెలుసు.

ఇప్పుడు ఖాళీ కడుపుతో కుండ ముందు కూర్చోను.
పొయ్యి రాజేసే ముందే
రెండు పెసరట్లు, కాస్త అల్లం పచ్చడి.
విరిగిన రేకులకి
పక్కింటి నూకరత్నం కోళ్లున్నాయి,
వాటికింకా ఎవరూ రక్తం తియ్యలేదు.
సాయంత్రం కాలవ గట్టెమ్మట లాకుల దాకా
ఆయన క్యారేజీ నేనే మోసుకెళ్తాను.
మొదటి వారం ఆయాసం.
రెండో వారం, గట్టు మీద కొంగల్ని లెక్కపెట్టడం.
పుండు పక్కు కట్టింది.

నిన్న దీపావళి.
నూట నలభై పెట్టెలు బస్సెక్కించి,
తలంటుకుని, ప్రమిదలు వెలిగించి
పప్పూ బీరకాయ కూరతో అన్నం కొంచెం తక్కువే తిన్నాను.
ఆ తర్వాత
కొనుక్కునేవాళ్లకి చుట్టినట్టే
నాకోసం ఒకటి చుట్టుకున్నాను.
మంచి రేకులు, ఒక్కటీ విరగనివి.
స్టీలు పళ్లెంలో పెట్టుకుని, పీట వేసుకుని,
అందరూ చూస్తుండగానే.

పంటి కింద ముందు కాగితంలా చిటుక్కుమంది,
తర్వాత లేదు.
నెయ్యి నాలిక మీదే నిలిచింది.
పొరా పొరా విప్పుకుంటూ తింటుంటే
వీధిలో చిచ్చుబుడ్లు రెండు వెలిగి ఆరాయి.
ఇంకొకటి కావాలనిపించింది. నిజమే చెబుతున్నాను.
చాలా సేపు అనిపించింది.
పళ్లెం కడిగేసుకున్నాను.

ఇన్నేళ్లకి ఇప్పుడు తెలిసింది,
నా చేతిలో యాలకుల పొడి కాస్త ఎక్కువ పడుతోంది.
ఒక్కరూ చెప్పలేదు చూడండి.
రేపటి నుంచి తగ్గించాలి.